బరంపురం నుంచి పత్రికకి కథ పంపుతున్నారా? ముందు ఇది చదవండి

నేను ఒడిశాలోని బరంపురంలో పుట్టి పెరిగినవాణ్ణి. పదేళ్లు పత్రికలకి కథలు పంపి తిప్పించుకున్నాను. తర్వాత ఆరేళ్లుగా ఒక చిన్న సాహిత్య మాసపత్రికకి వచ్చే కథల్లో మొదటి వడపోత చేసిపెడుతున్నాను. అంటే అప్పట్లో తిట్టుకున్నదీ నేనే, ఇప్పుడు తిట్లు తింటున్నదీ నేనే.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఒడిశా ఊళ్లలోని తెలుగువాళ్ల నుంచి వచ్చిన కథలంటే కాస్త ఆశగా తెరుస్తాను. మనవాళ్లు కదా అని కాదు. ఆ ఊళ్లలో ఉన్న సరుకు హైదరాబాదులో కూర్చుని రాసేవాళ్లకి దొరకదు. తీరా చదివితే చాలా కథల్లో ఆ సరుకే ఉండదు. ఏ గుంటూరు నుంచో వచ్చిన కథలా ఉంటుంది, కాకపోతే నాలుగు తప్పులు ఎక్కువ. రచయిత తన దగ్గరున్న అసలు సొమ్ము దాచేసి, అద్దె నగలు పెట్టుకుని వచ్చినట్టుంటుంది. కథ రాయడం నుంచి డబ్బు చేతికందడం దాకా ఏ మెట్టు దగ్గర ఏం చూసుకోవాలో, నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మొదటి మెట్టు: పంపబోయే పత్రిక చదవడం

అందరూ చెప్పే మాటే, ఎవరూ చెయ్యని పని. వరసగా మూడు సంచికలు తీసుకోండి. కథలు ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టండి. ఎలాంటి మనుషుల కథలు వేస్తున్నారో, ఎలాంటివి అసలు వెయ్యడం లేదో చూడండి. ఆదివారం అనుబంధంలో కథకి బొమ్మ పోను మిగిలేది ఒకటి రెండు పేజీలే. దానికి నాలుగు వేల పదాల కథ పంపితే బాగాలేదని కాదు, చోటు లేక తిరిగొస్తుంది. వెబ్ పత్రికలకి పేజీల బాధ లేదు గానీ, చదివేవాడి ఓపికకి అక్కడా హద్దుంది.

మన వైపు అచ్చు పత్రిక దొరకడమే కష్టం. ఒక్క సంచిక కోసం సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వెళ్లొచ్చిన రోజులు నాకున్నాయి. ఇప్పుడు ఆ సాకు చెల్లదు. ఈమాట లాంటి వెబ్ పత్రిక 1998 నుంచి నడుస్తోంది, పాత సంచికలు కూడా ఫోన్‌లోనే చదువుకోవచ్చు. చాలా పత్రికలు రచయితలకి సూచనలంటూ ఒక పేజీ పెడతాయి. అదొక్కటి చదివి పంపినా మొదటి వడపోతలో సగం దాటినట్టే.

రెండో మెట్టు: మొదటి పేజీ

నేను కథలు చదివేది రాత్రి భోజనాలయ్యాక. ఇరవై ఫైళ్లుంటాయి. ఒక్కోటి తెరిచినప్పుడల్లా 'ఇదైనా బాగుంటే బాగుండు' అనుకుంటాను. ఈ మాట మీరు నమ్మకపోవచ్చు. తిప్పి పంపడానికి కారణం వెతుకుతామని బయట అనుకుంటారు. సంచిక నింపాల్సినవాడికి మంచి కథ దొరికితే పండగే కదా. ఆ ఆశ మొదటి పేజీ చివరిదాకా ఉంటుంది. ఆ లోపల ఒక మనిషి, ఒక చోటు, ఆ మనిషికి వచ్చిపడిన ఏదో ఒక తిరకాసు కనబడాలి. మెరుపులు అక్కర్లేదు.

ఒక ఉదాహరణ చూపిస్తాను. మా పత్రికకి వచ్చిన ఒక కథ ఇలా మొదలైంది (కాస్త మార్చి చెబుతున్నాను):

"తూర్పున అరుణకిరణాలు విచ్చుకుంటున్నాయి. పక్షుల కిలకిలారావాలతో ప్రకృతి పులకిస్తోంది. వెంకటరావు కిటికీలోంచి బయటికి చూస్తూ గతంలోకి జారుకున్నాడు. తన మాతృభాషకు పట్టిన దుర్గతి తలుచుకుని అతని కళ్లు చెమర్చాయి."

పక్కన పెట్టేద్దామనుకుంటూనే పేజీలు తిప్పాను. మూడో పేజీలో ఇది దొరికింది:

"కార్డు మీద భెంకట రావు అని ఉంది. మా అక్షరాల్లో అలాగే వస్తుంది అన్నాడు గుమాస్తా. మా నాన్న కార్డు మీద ఇంకోలా ఉంది బాబూ, మరి నేను ఆయన కొడుకునని ఎలా చూపించుకోను అని అడిగాడు వెంకటరావు. గుమాస్తా టీ తాగడానికి లేచాడు."

కథ ఇక్కడ మొదలైంది. అంతకు ముందున్న రెండు పేజీలూ రచయిత గొంతు సవరించుకోవడం. 'వె' అన్న అక్షరం ఒడియాలోకి వెళ్లి 'భె' కావడం మనకి రోజూ చూసే సంగతి. కడపలో చదివేవాడికి కొత్త. అందులో నవ్వుంది, భయముంది, ఒక మనిషి తన పేరు కోసం కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు. మూడో పేజీని మొదటికి తెచ్చి, పొద్దు పొడవడం తీసేసి పంపమని రాశాం. వారంలో పంపాడు. అచ్చయింది.

మీ కథకీ ఈ పరీక్ష పెట్టొచ్చు. మొదటి పేజీ ఒక్కటే ఎవరికైనా ఇవ్వండి, మీ కథలని మెచ్చుకునే తమ్ముడికి మాత్రం కాదు. చదివాక కాగితం వెనక్కి తీసుకుని, 'తర్వాత ఏం తెలుసుకోవాలనుంది?' అని అడగండి. 'బాగుంది' అన్నాడంటే ఏమీ తెలుసుకోవాలని లేదన్నమాట. అప్పుడు మూడో పేజీ తీసి చూసుకోండి.

మూడో మెట్టు: వాపోవడం తగ్గించడం

ఇది మనకే ప్రత్యేకమైన జబ్బు, అందుకని కాస్త గట్టిగానే చెబుతాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అటు వెళ్లాయి, వాటితో పాటు మన తాతలూ వెళ్లారు. నిజమే. కానీ మన వైపు కథల్లో ఎవరో ఒక ముసలాయన ఈ తేదీని బస్సులో పక్క సీటువాడికి చెబుతూనే ఉంటాడు. ఏ మనిషీ తన ఊరి చరిత్రని తేదీలతో సహా మాట్లాడడు. ఆ విషయం మీద వ్యాసం రాయండి, పత్రికలు ఆనందంగా తీసుకుంటాయి. కథలో పెడితే సంపాదకుడికి ఉపన్యాసం వినబడుతుంది, మనిషి కనబడడు.

ఇంకొకటి, ఒడియా పాత్రలన్నీ దుర్మార్గులుగా రావడం. మనం బతికేది అలా కాదు కదా. మన బరంపురం అమ్మవారు బుఢీ ఠాకురాణీ యాత్రలో మన పిల్లలూ వాళ్ల పిల్లలూ కలిసే తిరుగుతారు. ఇంటి అద్దె దగ్గర మొదలైన తగాదా పెళ్లి సంబంధం దగ్గర తేలిన ఇళ్లు నాకు తెలుసు. ఒక పక్షాన్నే నల్లగా పూస్తే చదివేవాడికి వెంటనే తెలిసిపోతుంది, ఊరు తెలియనివాడికి కూడా.

మరి ఏం రాయాలి? మా వీధిలో ఒకావిడ ఉంది. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు, ఆమె చదివింది ఒడియా బడిలో. విశాఖపట్నంలో ఉన్న ఆడపడుచు వాట్సాప్‌లో తెలుగులో పొడుగ్గా ఏదో రాసి పంపుతుంది. కొడుకు ట్యూషన్ నుంచి వచ్చేదాకా ఆ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. వాడు చదివి వినిపించేటప్పుడు మధ్యలో రెండు వాక్యాలు మింగేస్తున్నాడని ఆమెకి అనుమానం. ఇది కథ. ఇందులో 1936 అన్న అంకె లేదు, కానీ 1936 ఉంది. పట్టుచీర అంచు మీద గుడి గోపురాల్లాంటి కుంభ నేసే ఇంట్లో మగ్గం దగ్గర ఏ భాషలో తిట్టుకుంటారో, కస్టమర్ ముందు ఏ భాషలో బేరమాడతారో, అదీ కథే. మీ ఇంట్లో ఇలాంటివి ఎన్నున్నాయో మీకే తెలియాలి.

నాలుగో మెట్టు: ఏ తెలుగులో రాయాలి?

మనలో చాలామంది తెలుగు రాయడం ఇంట్లోనో, సొంతంగానో నేర్చుకున్నాం. అందుకని కలం పట్టగానే పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోతాం. 'వచ్చాడు' అనాల్సిన చోట 'అరుదెంచెను' వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో, కొండల్లో సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నదీ అక్కడే, వాడుక భాష కోసం 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టిందీ ఆయనే. ఒడిశా ఏర్పడ్డాక పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన ఊరినుంచి వచ్చే కథలో అరుణకిరణాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కథనం మామూలు తెలుగులో ఉంచండి. మాటలు మాత్రం ఆ పాత్ర ఇంట్లో మాట్లాడినట్టే రానివ్వండి. "ఏటైనాది?", "నానెల్తాను", "తెల్దు" అనే మనిషి ఆఖరిదాకా అలాగే మాట్లాడాలి. మొదటి పేజీలో "ఏటి" అని, నాలుగో పేజీలో "ఏమిటి" అంటే మాండలికం కాదు, అజాగ్రత్త అనుకుంటాం. చదువుకున్న కొడుకు 'ఏమిటి' అని, తల్లి 'ఏటి' అంటే అది వేరే సంగతి, అదే కథలో ఒక ముడి కావచ్చు.

ఒడియా మాటలు వాడొచ్చు, వాడాలి కూడా. బ్రాకెట్లలో అర్థాలు మాత్రం ఇవ్వకండి. "అతను పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) తిన్నాడు" అనగానే కథ ఆగి పాఠం మొదలవుతుంది. "రాత్రి అన్నంలో పోసిన నీళ్లు పొద్దుటికి పులిశాయి. పఖాళలోకి ఉల్లిపాయ కొరుక్కుంటూ కూర్చున్నాడు" అంటే అర్థం అడగాల్సిన పనిలేదు. పేజీకి ఒకటో రెండో చాలు. ఎక్కువైతే ఊరి వాసన కాదు, ఊరు అమ్ముకుంటున్న వాసన వస్తుంది.

నాకు జరిగినది ఒకటి చెప్పాలి. నా కథలో ఒకడు వాళ్ల అన్నని "ననా" అని పిలుస్తాడు. గంజాం వైపు ఒడియాలో అన్నయ్యని అలా అంటారు. ఆ పత్రికలో ప్రూఫ్ చూసినవారు అచ్చుతప్పనుకుని అన్నిచోట్లా "నాన్నా" అని దిద్దేశారు. కథలో అన్నదమ్ములు ఆస్తి కోసం కొట్టుకుంటారు. అచ్చులో కొడుకు తండ్రి చొక్కా పట్టుకుని 'నా వాటా ఇయ్యి' అంటున్నాడు. మా బంధువులు ఫోన్ చేసి 'ఇంత ఘోరం ఎందుకు రాశావు' అని అడిగారు. తప్పు నాదే, ముందే చెప్పలేదు. అప్పటినుంచి కథ చివర, విడిగా, 'ఈ మాటలు మార్చవద్దు' అని చిన్న పట్టిక పెడుతున్నాను: ననా అంటే అన్నయ్య, అప్ప అంటే అక్క. మీరూ పెట్టండి. సంపాదకులు విసుక్కోరు, సంతోషిస్తారు.

ఐదో మెట్టు: ముగింపు, తప్పులు, టైపింగు

ముగింపు గురించి ఒక్కటే. చివరి పేరా చేత్తో మూసి, కథ అక్కడితో ఆగితే నష్టమేమిటో చూడండి. చాలాసార్లు ఏమీ ఉండదు. కొట్టేయండి.

తప్పుల గురించి మాత్రం ఎక్కువ చెప్పాలి. ఒడియాలో ఎ-ఏ, ఒ-ఓ తేడాకి వేరే అక్షరాలు లేవు, 'ఎ'కి ఒకటే, 'ఒ'కి ఒకటే. ఆ బడిలో చదివినవాళ్లకి తెలుగు రాసేటప్పుడు సరిగ్గా అక్కడే చెయ్యి జారుతుంది. ఒక ప్రేమకథలో "ఆమె అతని కోసం మెడ మీద నిలబడి ఎదురుచూసింది" అని వచ్చింది. మేడ అన్నమాట. నవ్వాపుకుని చదవడానికి కాసేపు పట్టింది. ఇలాంటివి పేజీకి ఐదారుంటే, ఎంత మంచి కథైనా సబ్ ఎడిటర్ భయపడతాడు, దిద్దడానికి ఒక పూట పోతుంది కాబట్టి. పలాసలోనో శ్రీకాకుళంలోనో తెలుగు మీడియంలో చదివిన చుట్టాలుంటారు కదా, వాళ్లలో ఒకరిచేత పైకి చదివించుకోండి. 'మెడ' అని పలకగానే మీకే తెలుస్తుంది. వాయిస్ టైపింగ్ వాడితే ఇంకా జాగ్రత్త, ఫోన్ మన యాసని దాని ఇష్టం వచ్చినట్టు రాసుకుంటుంది.

టైపు యూనికోడ్‌లో చెయ్యండి. డీటీపీ షాపులో 'అను' అనే పాతరకం ఫాంట్లలో కొట్టించి పంపితే, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో అదంతా పిచ్చి గీతలే. పీడీఎఫ్ కాకుండా వర్డ్ ఫైల్ పంపండి, లేదా ఈమెయిల్‌లోనే అతికించండి. నోటుబుక్కు పేజీలని ఫొటోలు తీసి పంపితే ఏ పత్రికా టైపు చేయించుకోదు. ఫైలుకి కథ పేరు, మీ పేరు పెట్టండి. 'కథ ఫైనల్ 3' అన్న పేరుతో ఎన్ని ఫైళ్లున్నాయో మా కంప్యూటర్లో!

ఆరో మెట్టు: కథతో పాటు పంపే ఉత్తరం

'ఈ కథ చదివి మా ఊరంతా కన్నీళ్లు పెట్టుకుంది' లాంటి వాక్యాలు వద్దు. ఏ సన్మానం ఎప్పుడు అందుకున్నారో వద్దు. కథ సారాంశం అసలే వద్దు. ఇలా రాస్తే చాలు:

"సంపాదకులు గారికి నమస్కారం. 'కార్డు' అనే కథ జతచేశాను. సుమారు 1,800 పదాలు. ఇది నా సొంత రచన, అనువాదమో అనుసరణో కాదు. ఇంతకు ముందు అచ్చులో గానీ, వెబ్‌లో గానీ, ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లో గానీ రాలేదు. ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. మాది బరంపురం, కథ కూడా ఇక్కడిదే. మార్చకూడని స్థానిక పదాలు చివర ఇచ్చాను. చిరునామా, ఫోన్ నంబరు కింద ఉన్నాయి."

ఇందులో మధ్య వాక్యాలు హామీ పత్రం. చాలా తెలుగు పత్రికలు ఇది లేకపోతే కథ చదవనే చదవవు. ఫేస్‌బుక్ అని ఎందుకు రాయాలంటే, అక్కడ పెట్టినదాన్ని కూడా అచ్చయినట్టే లెక్కేసే పత్రికలు ఉన్నాయి. లైకుల కోసం ముందే పెట్టేసుకుని తర్వాత ఏడవకండి. పోటీకి పంపుతుంటే మాత్రం కథ పేజీల మీద మీ పేరు ఎక్కడా ఉండకూడదు. అది హామీ పత్రం మీదే ఉండాలి.

అనువాదం కూడా ఒక దారి

మనకున్న గొప్ప వీలు ఇది. ఒడియా నుంచి నేరుగా తెలుగు చేయగలిగేవాళ్లు తక్కువ, ఇంగ్లీషు మీదుగానో హిందీ మీదుగానో వచ్చేవాటిలో రుచి పోతుంది. నేరుగా చేశానని ఉత్తరంలో రాస్తే సంపాదకుడు తప్పకుండా తెరిచి చూస్తాడు. అయితే అనుమతి కావాలి. మన దేశంలో కాపీరైటు రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి 1918లో పోయారు, ఆయనవి ఎవరినీ అడక్కుండా చేసుకోవచ్చు. కోరాపుట్ కొండల జీవితం రాసిన గోపీనాథ్ మహంతి పోయింది 1991లో, అంటే 2051 చివరిదాకా హక్కుదారులని అడగాల్సిందే. బతికున్న రచయితైతే ఒక ఈమెయిల్ పెట్టి, 'సరే' అన్న జవాబుని కథతో జతచేయండి.

ఏడో మెట్టు: పంపాక

మూడు నెలలు ఊరుకోండి. తర్వాత ఒక్కసారి, ఒక్క వాక్యంలో గుర్తుచేయండి. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి 'చదివారా సార్' అనకండి. అప్పుడు చదివినా కోపంతో చదువుతాం. ఉగాది సంచికలో రావాలంటే సంక్రాంతి లోపే పంపండి, ఉగాదికి వారం ముందు వచ్చిన ఉగాది కథ మరుసటి ఏడాదికి కూడా పనికిరాదు.

ఒకే కథని రెండు చోట్లకి పంపొద్దన్న నియమం నేను ఒకసారి తప్పాను. ఏడాదిపాటు ఏ జవాబూ లేకపోతే విసుగొచ్చి ఇంకో పత్రికకి పంపేశాను, మొదటివాళ్లకి 'వెనక్కి తీసుకుంటున్నాను' అని ఒక ముక్క రాయలేదు. ఇద్దరూ ఒకే నెలలో వేసేశారు. రెండో పత్రిక నా కథ మళ్లీ తీసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఒక్క ముక్క రాయడానికి రెండు నిమిషాలు పట్టేది.

'తీసుకోలేకపోతున్నాం' అన్న జవాబు వస్తే దాని కింద కారణం ఏమైనా ఉందేమో చూడండి. ఊరికే వచ్చిన జవాబుని మర్చిపోండి. కారణం రాశారంటే ఎవరో మీ కథ చివరిదాకా చదివారు. 'కుదించి పంపండి' అన్నారంటే సగం తీసుకున్నట్టే, వారంలోగా పంపేయండి. కుదించడమంటే వాక్యానికో మాట తీయడం కాదు, ఒక సన్నివేశం మొత్తం తీసేయడం. ఏది తీయాలో తేలకపోతే, మీకు బాగా నచ్చిన వర్ణన ఉన్న చోట వెతకండి.

ఇక డబ్బు. చాలా చిన్న పత్రికలు, వెబ్ పత్రికలు ఇవ్వలేవు, ఆ సంగతి ముందే తెలుసుకుని పంపండి. ఇచ్చేచోట మాత్రం బ్యాంకు ఖాతాలో పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం రాసి పంపాలి, కలం పేరు కాదు. ఆ కార్డు కథ రాసినతనికి మా పత్రిక పంపిన ఐదు వందల చెక్కు చెల్లలేదు. కథ మీద అచ్చయిన పేరు ఒకటి, ఖాతాలో పేరు ఇంకొకటి. మళ్లీ వివరాలు అడిగితే, ఈసారి పాస్‌బుక్కు మొదటి పేజీ ఫొటో తీసి పంపాడు. కింద ఒక వాక్యం రాశాడు: "సార్, కౌంటర్లో ఉన్నాయన టీకి వెళ్లాడు."